సూపర్ మొఖ్: ఒక ఫార్వర్డ్ ఆట, ఒక జబ్బు పేరు

1991 జూలై 11న కౌలాలంపూర్ పొరుగున ఉన్న సుబాంగ్ జయ మెడికల్ సెంటర్‌లో మొఖ్తార్ దహారి కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్ళు. మలేషియా ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి గోల్ వేటగాడు ఆయనకు ముందు లేడు, తరువాతా రాలేదు. దేశం ఆయనను ‘సూపర్ మొఖ్’ అని పిలుచుకుంది. పత్రికలు ఆయన మరణానికి కారణం కండరాల క్షీణత వ్యాధి, అంటే మస్క్యులర్ డిస్ట్రఫీ, అని రాశాయి. అది నిజం కాదు. అసలు జబ్బు పేరు బయటి ప్రపంచానికి తెలియడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. 2010లో నేషనల్ జియోగ్రాఫిక్ ఛానల్ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీతో ఆ సంగతి వెలుగులోకి వచ్చింది. ఆటగాడిగా ఆయన బ్రతుకంతా వేలాది కళ్ళ ముందు గడిచింది. రోగిగా గడిపిన చివరి మూడేళ్ళు మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

మలేషియాలో పోటీ క్రీడల కథ ఒక యుద్ధనౌకతో ముడిపడి ఉంది. ఫెడరేటెడ్ మలయ్ రాష్ట్రాలు తమ ఖర్చుతో బ్రిటిష్ నౌకాదళానికి ఒక నౌకను కట్టించి ఇచ్చాయి. దాని పేరు ‘మలయా’. 1916లో జట్లాండ్ సముద్ర యుద్ధంలో పోరాడిన ఆ నౌక 1921లో తన పేరు గల దేశాన్ని చూడడానికి వచ్చింది. నావికులు స్థానికులతో ఆటలాడి, ఆ స్నేహానికి గుర్తుగా రెండు కప్పులు బహూకరించారు. ఒకటి ఫుట్‌బాల్‌కు, రెండవది రగ్బీకి. ఫుట్‌బాల్ కప్పే కాలక్రమాన మలేషియా కప్ అయింది. ఒకే నౌక నుండి దిగిన ఆ రెండు ఆటల్లో రగ్బీ తోటదొరల క్లబ్బుల్లోనూ, ఇంగ్లీషు చదువుల పాఠశాలల్లోనూ, సైనిక దళాల్లోనూ నిలిచింది. ఫుట్‌బాల్ పల్లెలకూ, తోటల లైన్లకూ, రేవు కార్మికుల బస్తీలకూ పాకింది.

ఇలా జరగడానికి ఒక పాత కారణం ఇంగ్లండులోనే ఉంది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తర ఇంగ్లండు రగ్బీ క్లబ్బులు సమావేశమై పాత సంఘం నుండి విడిపోయాయి. తగవు డబ్బు గురించి. గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే కూలీలు ఆట కోసం ఒక పూట పని మానుకుంటే కూలి పోతుంది. ఆ పోయిన కూలి చెల్లించాలని ఉత్తరాది వారు అడిగారు. దక్షిణాది పెద్దమనుషులు ససేమిరా అన్నారు. అలా పుట్టిన రగ్బీ లీగ్ పదమూడుగురి ఆట అయింది, శ్రామికుల ఆట అయింది. వలస దేశాలకు అధికారులూ తోటదొరలూ మోసుకువచ్చినది మాత్రం డబ్బు ముట్టని రెండవ రగ్బీ. కాబట్టి ఇంగ్లండులో రగ్బీ లీగ్ ఫార్వర్డ్ ఏ స్థానంలో నిలిచాడో, అంటే శ్రామిక కుటుంబంలో పుట్టి, ఒంటి బలంతో పేరు తెచ్చుకుని, తన ఊరివాళ్ళ గర్వానికి ముఖమైన మనిషి స్థానంలో, మలేషియాలో ఫుట్‌బాల్ ఫార్వర్డ్ నిలిచాడు.

మొఖ్తార్ 1953 నవంబరు 13న సెతపాక్‌లో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవరు. బాల్యంలోనే కుటుంబం కంపుంగ్ పాండన్‌కు మారింది. ఆయనకు పదిహేనేళ్ళప్పుడు, 1969 మే 13న, కౌలాలంపూర్‌లో మలయ్, చీనా వర్గాల మధ్య మత కలహాల వంటి ఘోరమైన జాతి కలహాలు చెలరేగాయి. అత్యవసర పరిస్థితి వచ్చింది, పార్లమెంటు మూతపడింది. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లోనే, 1972లో, ఈ యువకుడు సెలంగోర్ జట్టులోకీ, ఆ వెంటనే జాతీయ జట్టులోకీ వచ్చాడు.

ఆ జట్టును గుర్తుకు తెచ్చుకోవాలి. గోల్ దగ్గర ఆర్. ఆరుముగం, చేతుల నిడివి చూసి జనం ఆయనను ‘స్పైడర్‌మాన్’ అన్నారు. రక్షణ పంక్తిలో సో చిన్ ఆన్, సంతోఖ్ సింగ్. ముందు వరుసలో మొఖ్తార్. ఒక తమిళుడు, ఒక చీనీయుడు, ఒక సిక్కు, ఒక మలయ్. ఉపన్యాసాలతో కుదరని పొత్తు మెర్దెకా స్టేడియంలో తొంభై నిమిషాలపాటు కుదిరేది. 1957లో స్వాతంత్ర్య ప్రకటన జరిగిన మైదానమే అది. లోయర్ పేరాక్‌లో, బగాన్ దతో చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువారితో సహా ఆ దేశంలోని ప్రతి వర్గానికీ ఆ పదకొండుమందిని ‘మనవాళ్ళు’ అనుకునే అవకాశం ఉండింది. బహుజాతుల దేశంలో అది చిన్న సంగతి కాదు.

మొఖ్తార్ పొడగరి కాడు. దృఢమైన తొడలు, తక్కువ దూరంలో అందుకునే వేగం, రెండు కాళ్ళతోనూ కొట్టగల దెబ్బ ఆయన ఆస్తి. 1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో మలేషియా ఉత్తర కొరియాను 2–1తో ఓడించి కంచు పతకం గెలిచింది. 1975లో లండన్ నుండి వచ్చిన ఆర్సెనల్ జట్టును 2–0తో ఓడించినప్పుడు ఆ రెండు గోల్స్ మొఖ్తార్‌వే. 1977, 1979 ఆగ్నేయాసియా క్రీడల్లో స్వర్ణాలు వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువగా జనం చెప్పుకునేది 1978 నాటి ఆట. బాబీ రాబ్సన్ శిక్షణలో వచ్చిన ఇంగ్లండు ‘బి’ జట్టు మీద, మైదానం మధ్య నుండి బంతి తీసుకుని, అడ్డువచ్చిన వారిని ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్ళి, గోల్‌కీపర్ జో కారిగన్‌ను కూడా ఓడించాడు. ఆట 1–1తో ముగిసింది. ఒకనాటి పాలకుల దేశం నుండి వచ్చిన జట్టు మీద ఆ పరుగు ఏమి చెప్పిందో చూసినవారికి ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

జాతీయ జట్టు తరఫున 142 ఆటల్లో 89 గోల్స్ ఆయనవి. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అన్ని గోల్స్ చేసినవారు ప్రపంచం మొత్తం మీద వేళ్ళమీద లెక్కించదగినంత మంది. సెలంగోర్‌కు ఆయన తెచ్చిన మలేషియా కప్పులు దీనికి అదనం. అయినా నేటి అర్థంలో ఆయన పూర్తికాలపు వృత్తి క్రీడాకారుడు కాడు. మలేషియాలో అర్ధ వృత్తి లీగ్ 1989లో, పూర్తి వృత్తి లీగ్ 1994లో వచ్చాయి. ఆయన తరంవారు పగలు ఆఫీసుల్లోనో బ్యాంకుల్లోనో ఉద్యోగం చేసి, సాయంత్రం మైదానానికి వచ్చేవారు. హడర్స్‌ఫీల్డ్‌లో 1895లో అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రావడానికి మరో వందేళ్ళు పట్టింది. దేశానికి అంత ఇచ్చిన శరీరానికి ముదిమిలో ఆసరా అయ్యే ఏర్పాటేదీ అప్పటికి లేదు. మొఖ్తార్‌కు ఆ ముదిమి రానేలేదు.

1980ల చివర గొంతులో ఇబ్బంది మొదలైంది. భార్య తెంకు జరీనా ఆయనను లండన్ తీసుకువెళ్ళింది. అక్కడి వైద్యులు మోటార్ న్యూరాన్ డిసీజ్ అని తేల్చారు. ఆ సంగతి ఆ దంపతుల మధ్యనే ఉండిపోయింది. ఒళ్ళు సహకరించినన్నాళ్ళు ఆయన సెలంగోర్ ఆటగాళ్ళతో కలిసి సాధనకు వెళుతూనే ఉన్నాడు.

మెదడు ఆజ్ఞను కండరానికి చేర్చే నాడీకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోవడమే ఈ జబ్బు. 1869లో పారిస్ వైద్యుడు షార్కో దీనిని స్పష్టంగా వర్ణించాడు. కొందరిలో చేతితో, కొందరిలో కాలితో మొదలవుతుంది. మరి కొందరిలో మాట తడబడడంతో, మింగుడు పడకపోవడంతో మొదలవుతుంది. గొంతుతో మొదలైన రకం సాధారణంగా త్వరగా ముదురుతుంది. స్పర్శ పోదు. కంటి కదలికలు చాలాకాలం నిలుస్తాయి. చాలామందిలో ఆలోచన చెదరదు. తన శరీరం తన మాట వినడం మానేస్తున్న తీరును రోగి తెలివితోనే చూస్తుంటాడు. చివరకు ఊపిరి తీసే కండరాలు కూడా అలసిపోతాయి. జబ్బును కొంత నెమ్మదింపజేసే మొదటి మందు, రిలుజోల్, 1995లో గానీ అమెరికాలో అనుమతి పొందలేదు. అంటే మొఖ్తార్ రోగిగా ఉన్న మూడేళ్ళలో వైద్యశాస్త్రం ఆయన చేతిలో పెట్టగలిగిన మందు ఒక్కటి కూడా లేదు.

పత్రికల్లో వచ్చిన మస్క్యులర్ డిస్ట్రఫీ అనే పేరు నిరపాయకరమైన అబద్ధంగా కనిపించవచ్చు. రెండు జబ్బుల్లోనూ కండరం కృశిస్తుంది కదా అనుకోవచ్చు. కానీ మొదటిది కండరంలోనే పుట్టే జబ్బు, చాలావరకు వంశపారంపర్యం. రెండవది నాడీకణాల జబ్బు. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి కుటుంబ చరిత్ర ఏదీ ఉండదు. పేరు మారితే అనుమానం మారుతుంది. రోగి పిల్లల వైపు లోకం చూసే చూపు మారుతుంది. జబ్బు పేరు వైద్యుల కాగితాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఇదే జబ్బును మరో రెండు దేశాలు మరో విధంగా ఎదుర్కొన్నాయి. అమెరికాలో బేస్‌బాల్ వీరుడు లూ గెహ్రిగ్ విషయంలో మేయో క్లినిక్ ఇచ్చిన నిర్ధారణను 1939లోనే బహిరంగంగా ప్రకటించారు. ఆయన కూడా 37వ ఏటనే, 1941 జూన్ 2న, మరణించాడు. ఆ దేశంలో జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది.

రెండవ ఉదాహరణ రగ్బీ లీగ్‌లోనిదే. లీడ్స్ రైనోస్ జట్టులో కొండల వంటి ఫార్వర్డ్‌ల మధ్య అతి పొట్టివాడుగా ఆడిన రాబ్ బరోకు 2019 డిసెంబరులో ఈ జబ్బు బయటపడింది. ఆయన వెంటనే లోకానికి చెప్పాడు. ఆ జట్టు మాజీ కెప్టెన్, లూజ్ ఫార్వర్డ్ కెవిన్ సిన్‌ఫీల్డ్, 2020 డిసెంబరులో ఏడు రోజుల్లో ఏడు మారథాన్‌లు పరుగెత్తాడు. బరో చొక్కా మీది అంకె 7 కాబట్టి 77,777 పౌండ్లు పోగుచేయాలనుకున్నాడు. ఇరవై లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. 2023లో లీడ్స్ మారథాన్‌లో మిత్రుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకువచ్చి, చివరి గీత దగ్గర చేతుల్లోకి ఎత్తుకుని దాటించాడు. ఆట మానేసిన ఫార్వర్డ్ మిగిలిన బలాన్ని అలా ఖర్చుచేశాడు. బరో 2024 జూన్ 2న, గెహ్రిగ్ పోయిన తేదీనే, మరణించాడు. మరునాడే లీడ్స్‌లో ఆయన పేరిట ఈ జబ్బు రోగుల చికిత్సా కేంద్రానికి నిర్మాణం మొదలైంది.

ఆటకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నకు కొంత ఆధారం పోగైంది. 2005లో ఇటలీ పరిశోధకులు 7,325 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను పరిశీలించారు. ఒక్కరికైనా రావలసిన అవసరం లేని చోట అయిదుగురికి ఈ జబ్బు కనిపించింది. 2022లో స్కాట్లండు మాజీ అంతర్జాతీయ రగ్బీ ఆటగాళ్ళు 412 మందిపై జరిగిన పరిశీలన ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పింది. అయితే జబ్బుపడినవారి సంఖ్యలు చిన్నవి. కారణం తలకు తగిలే దెబ్బలా, తీవ్రమైన శ్రమా, జన్యువులా అన్నది తేలలేదు. ఇలాంటి లెక్కలు గుంపు గురించి మాట్లాడతాయి; మొఖ్తార్ జబ్బుకు మూలం ఫలానా అని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. కానీ ఒక సంగతి స్పష్టం. జబ్బు పేరు సరిగా నమోదైనప్పుడే ఇలాంటి లెక్క తీయడం సాధ్యమవుతుంది. తప్పు పేరుతో పూడ్చిన మరణం ఏ లెక్కలోకీ రాదు.

అందువల్ల ఆ దంపతులను తప్పుపట్టాలా? పట్టకూడదు. మందు లేని జబ్బును పదిమందికి చెప్పి సాధించేది ఆనాడు ఏముంది? సింహంలా తనను చూసిన కళ్ళు జాలితో చూడకూడదని ఒక మనిషి కోరుకోవడంలో నేరం లేదు. రోగి రహస్యం రోగిది. లోపం వారి చుట్టూ ఉన్న కాలానిది. గోల్ కొట్టే శరీరాన్ని దేశం తనదనుకుంది. కూలిపోతున్న శరీరాన్ని ఎలా పలకరించాలో దానికి తెలియదు. లీడ్స్‌లో ముప్పై ఏళ్ళ తరువాత ఒక రోగి నోరు విప్పగలిగాడంటే, విని పరుగెత్తుకు వచ్చేవాళ్ళు ఉన్నారన్న నమ్మకమే దానికి కారణం.

నేడు పహాంగ్‌లోని గాంబాంగ్‌లో మలేషియా ఫుట్‌బాల్ అకాడమీ మొఖ్తార్ దహారి పేరుతోనే నడుస్తోంది. 1978 నాటి ఆ పరుగును అక్కడి పిల్లలకు చెప్పవలసిందే. లండన్‌లో ఆయన విన్న జబ్బు పేరును కూడా దానితో కలిపి చెబితే, రేపు అదే మాట వినవలసి వచ్చిన మరొకడు దానిని ఒంటరిగా మోయనక్కరలేదు.