ఖిల్లా మీద దాచినది

మొన్న దసరా సెలవుల్లో మావాడు సెల్‌ఫోను పట్టుకుని ఇందూరు ఖిల్లా మెట్లు గబగబా ఎక్కేశాడు. వెనకాల ఆయాసపడుతూ నేనూ, బోధన్ నుంచి వచ్చిన మా ఆడపడుచూ.

"ఏం పోయిందిరా?" అన్నాను.

"పోలేదమ్మా, ఎవరైనా దాచారేమోనని!"

జియోకాచింగ్‌ట! 2000 మే 3న అమెరికాలో, ఆరెగాన్‌లో, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓ బకెట్టులో నోటుపుస్తకం, పెన్సిలు పెట్టి దాచి, ఆనవాళ్లు అందరికీ చెప్పాడట. దొరికినవాళ్లు అందులో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి.

నాకు నవ్వొచ్చింది. ఈ కొండమీద 1948లోనే దాచారు మరి! అప్పుడీ ఖిల్లా నిజాం జైలు. ఖైదీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య పళ్లు తోముకునే బొగ్గుతో గోడమీద పద్యాలు రాసేవారు. జైలువాళ్లు చెరిపేస్తే మళ్లీ రాసేవారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేశారు. గోడనైతే తుడవచ్చు, మనిషి నోట్లో ఉన్నదాన్ని ఎవరు తుడుస్తారు? 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు.

కథంతా విని మావాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పద్యం నీకొచ్చా అమ్మా?"

రెండు పాదాలు వచ్చాయి. మూడోది తట్టలేదు. కథలు రాసుకునేదాన్ని, సిగ్గేసింది.

మా ఆడపడుచు మెట్టుమీద కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని, నాలుగు పాదాలూ తడుముకోకుండా అప్పజెప్పింది.