టొయోటా: మగ్గం నుంచి వచ్చిన భరోసా

మా చిన్న మామూ 1984లో దమ్మామ్ నుంచి పంపిన ఫోటో ఒకటి అమ్మీ సందూకులో ఇప్పటికీ ఉంది. తెల్లటి టొయోటా క్రెసిడా బానెట్‌కు ఆనుకుని, నల్ల చష్మా పెట్టుకుని నిలబడ్డాడు. కారు ఆయనది కాదు, కఫీల్‌ది. ఆయన డ్రైవర్. ఆ సంగతి మొహల్లాలో అందరికీ తెలుసు, కానీ ఫోటో చూసినవాళ్ళెవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. ఆ జమానాలో గల్ఫ్ నుంచి మా గల్లీకి వచ్చే ఫోటోలన్నీ ఇంచుమించు అలాగే ఉండేవి. మనిషి మారేవాడు, కారు మాత్రం టొయోటానే.

సెలవు మీద వచ్చినప్పుడల్లా మామూ ఒక మాట అనేవాడు: "జపాన్ కీ గాడీ ధోకా నై దేతీ." జపాన్ బండి మోసం చెయ్యదు. బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడ్డ అంబాసిడర్లను రోజూ చూసే మాకు ఆ మాట జిన్నుల కథలా వినిపించేది. అఖ్బార్ నౌకరీలోకి వచ్చాక ఆ మాటే వేరేగా తొలవడం మొదలుపెట్టింది. ఇనుముకి ఇంత ఇజ్జత్ ఎక్కడి నుంచి వచ్చింది? పైగా, అది నిజంగా ఎప్పుడూ ధోకా ఇవ్వలేదా?

కిస్సా మగ్గం దగ్గర మొదలవుతుంది. సాకిచీ టొయోడా 1867లో ఇప్పటి షిజువోకా ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. వాలిద్ వడ్రంగి, కొడుకూ ఉలే పట్టాడు. పెద్ద తాలీమేమీ లేదు. చుట్టూ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేతిమగ్గాల మీద వంగి నేస్తుంటే చూస్తూ పెరిగాడు. 1891లో తన చెక్కమగ్గానికి మొదటి పేటెంట్ సంపాదించాడు. అక్కడి నుంచి ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఒక్క హునర్‌నే పట్టుకుని, 1924లో 'జి' రకం ఆటోమేటిక్ మగ్గం దగ్గరికి చేరాడు.

నేత తెలిసినవాళ్ళకు ఈ మగ్గం విలువ చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పడుగులో ఒక్క పోగు తెగిందనుకోండి. ఎవరూ చూడకపోతే మరమగ్గం దాని మానాన అది నేసుకుంటూ పోతుంది, గజాలకు గజాలు బట్ట పాడవుతుంది. సిరిసిల్లలో వీటిని సాంచాలంటారు. ఒకసారి వార్త కోసం వెళ్ళి ఒక షెడ్డులో గంటసేపు నిలబడ్డాను. చెవులు పగిలే ఆ మోతలో పనివాడి కళ్ళు మాత్రం పోగుల మీదే ఉన్నాయి. మనిషి అక్కడ నేసేవాడిగా కంటే పహరాదారుగా ఎక్కువ పనిచేస్తున్నాడనిపించింది. సాకిచీ మగ్గం ఆ పహరా బాధ్యతను తనమీద వేసుకుంది. పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. నాడెలో దారం అయిపోవస్తే మాత్రం ఆగకుండానే కొత్త నాడె అందుకునేది. దాంతో ఒక మనిషి ఎన్నో మగ్గాలను ఒకేసారి చూసుకోవడం కుదిరింది.

తప్పు జరిగినచోటే ఆగు. టొయోటా ఇజ్జత్ అంతా ఈ ఒక్క సబక్ మీద కట్టిన ఇమారత్. జపనీయులు దీన్ని 'జిదోకా' అంటారు. మామూలుగా ఆ మాటకు 'తనంతట తాను కదలడం' అని అర్థం. టొయోటావాళ్ళు 'కదలడం' అనే అక్షరం పక్కన 'మనిషి' గుర్తును చేర్చి రాస్తారు. అప్పుడది 'పనిచేయడం' అనే అక్షరమవుతుంది. ఉర్దూలో ఒక నుఖ్తా చేరితే అర్థం మారిపోయినట్టే.

ఈ మగ్గం హక్కుల కోసం 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. ప్లాట్ అంటే మామూలు కంపెనీ కాదు, లోకానికి మగ్గాలు అమ్మిన ఉస్తాద్. అలాంటి ఉస్తాద్ వచ్చి శాగిర్దు దగ్గర హునర్ కొనుక్కున్నాడు. ఆ సొమ్ముతోనే కార్ల కంపెనీ పుట్టిందని చాలాచోట్ల రాస్తారు. వినడానికి బాగుంటుంది, లెక్క మాత్రం కుదరదు. లక్ష పౌండ్లంటే అప్పట్లో సుమారు 10 లక్షల యెన్లు. 1937లో పుట్టిన మోటారు కంపెనీ మూలధనం కోటీ 20 లక్షల యెన్లు. మగ్గాల కార్ఖానా ఏళ్ళ తరబడి తన కమాయి పెట్టి మోసింది కాబట్టే కారు పుట్టింది.

మోయించినవాడు సాకిచీ కొడుకు కీచిరో. తండ్రి 1930లో పోయాడు. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచారు. ఒక అమెరికన్ షెవర్లే తెచ్చి, ముక్కముక్కలుగా విప్పి, ప్రతి ముక్కనూ కొలిచారు. నఖల్ కొట్టారని వెక్కిరించేవాళ్ళకు నా జవాబు ఒక్కటే, ఏ కారీగర్ అయినా ముందు నఖల్‌తోనే నేర్చుకుంటాడు. 1935లో వచ్చిన జి1 ట్రక్కులు దారిలో ఆగిపోయేవి. మరమ్మతు మనుషులు వాటి వెంట తిరిగేవాళ్ళు. ధోకా నై దేతీ అనిపించుకున్న ఖాన్‌దాన్ మొదటి బండ్లు అలా ఉండేవి. 1936లో కొత్త గుర్తు కోసం పోటీ పెడితే దాదాపు 27,000 నమూనాలు వచ్చాయి. టొయోడా కాస్తా టొయోటా అయింది అప్పుడే. జపాన్ లిపిలో ఆ పేరు 8 గీతల్లో ముగుస్తుంది, 8 వాళ్ళకు శుభసంఖ్య.

తర్వాత జంగ్ వచ్చింది. ఈ కార్ఖానా జపాన్ సైన్యానికి ట్రక్కులు చేసింది. చీనాలో ఆ సైన్యం చేసిన జుల్మ్ తెలిసినవాళ్ళు ఈ సంగతిని దాటేసి పోలేరు. 1945 ఆగస్టు 14న, అంటే లొంగిపోతున్నట్టు జపాన్ ప్రకటించడానికి ఒక్క రోజు ముందు, కొరోమోలోని కార్ఖానా మీద బాంబులు పడ్డాయి. (ఆ కొరోమో ఊరే 1959లో పేరు మార్చుకుని టొయోటా నగరమైంది.)

శాంతి వచ్చాక కష్టాలు ఇంకా పెరిగాయి. 1949 నాటికి కంపెనీ దివాలా అంచున ఉంది. బ్యాంకులు అప్పు ఇచ్చాయి, షరతులూ పెట్టాయి. 1950లో హర్తాల్ జరిగింది, 2,000 మందికి పైగా ఉద్యోగాలు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. మజ్దూర్లను తీసేయనన్న కీచిరో ఆ జూన్ నెలలోనే తన కుర్సీ వదిలేశాడు. అదే నెల 25న కొరియాలో యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం నుంచి ట్రక్కుల ఆర్డర్లు వచ్చిపడ్డాయి, కంపెనీ బతికింది. కొన్ని వారాలు ముందు మొదలై ఉంటే ఆ మనుషులు వెళ్ళిపోయేవాళ్ళు కాదేమో, కీచిరో దిగిపోయేవాడు కాదేమో. 1952లో 57 ఏళ్ళకే ఆయన చనిపోయాడు. తన పేరున్న బండి లోకాన్ని ఏలడం చూడలేదు.

ఆ పని ఆయన దాయాది ఈజీ టొయోడా, తాయిచీ ఓనో చేశారు. ఓనో వచ్చింది కూడా టొయోడా బట్టల మిల్లు నుంచే. మగ్గం నేర్పిన పాఠాన్ని ఆయన మనుషుల చేతికిచ్చాడు. అసెంబ్లీ లైను పొడుగునా పైన తాడు కట్టించాడు. బోల్టు సరిగ్గా బిగలేదని మామూలు మజ్దూర్‌కు షక్ వస్తే ఆ తాడు లాగొచ్చు. దీపం వెలుగుతుంది, సూపర్‌వైజర్ వస్తాడు, సర్దుబాటు కాకపోతే లైను మొత్తం ఆగుతుంది. లైను ఆపడమంటే నౌకరీ పోగొట్టుకోవడమే అనుకునే కార్ఖానాల జమానాలో ఇది మామూలు సంగతి కాదు. సరుకు విషయంలోనూ ఓనో ఇలాగే ఆలోచించాడు. అమెరికన్ సూపర్ మార్కెట్లో కొనేవాడు తీసుకున్నంతే మళ్ళీ అరలో పెడతారు కదా, కార్ఖానాలో కూడా ముందు మెట్టు అడిగినంతే వెనక మెట్టు చెయ్యాలన్నాడు. అడగడానికి ఒక చీటీ. ఆ చీటీయే 'కాన్‌బాన్'. ఇవాళ బెంగళూరు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మన పిల్లలు రోజూ వాడుతున్న మాట.

దీనికి ఇంకో రుఖ్ ఉంది. సతోషీ కామాటా అనే జర్నలిస్టు 1972లో తాత్కాలిక మజ్దూర్‌గా టొయోటాలో చేరి, లైను మీద కొన్ని నెలలు పనిచేసి, మరుసటి ఏడు పుస్తకం రాశాడు. జపనీస్‌లో దాని పేరుకు అర్థం 'నిరాశల కార్ల ఫ్యాక్టరీ'. వేగం పెరిగే లైను, విరిగే నడుములు, చాలని నిద్ర, అన్నీ అందులో ఉన్నాయి. నా పేషాలో ఇలాంటివాళ్ళను చూస్తే రష్క్ పుడుతుంది. తాడు మనిషికి ఇజ్జత్ ఇచ్చింది నిజం. ఆ మనిషిని లైను పిండేసిందన్నదీ నిజమే.

గల్ఫ్‌కు టొయోటా వెళ్ళింది 1955లో. సౌదీలో అబ్దుల్ లతీఫ్ జమీల్ ఖాన్‌దాన్, దుబాయ్‌లో అల్ ఫుత్తైమ్ అదే ఏడు ఏజెన్సీలు తీసుకున్నాయి. రోడ్లు లేని రేగిస్తాన్‌కు లాండ్ క్రూజర్ సరిగ్గా సరిపోయింది. 1951లో దాని తొలి రూపం ఫుజీ కొండను ఆరో మజిలీ దాకా ఎక్కి చూపించిన బండి మరి. అదే దశకంలో అమెరికాకు పంపిన క్రౌన్ కార్లు అక్కడి హైవేల మీద ఆయాసపడి పరువు తీశాయి. తర్వాత చమురు ధర పెరిగింది, గల్ఫ్‌లో పని పెరిగింది. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, మా హైదరాబాద్ పాతబస్తీ నుంచి మనుషులు వెళ్ళారు. వాళ్ళు తోలినవీ, కడిగినవీ, ఇసుకలో నెట్టినవీ ఎక్కువగా ఈ బండ్లే.

ఇదే షోహరత్‌కు బద్‌నామీ కూడా అంటుకుంది. 1987లో చాద్ సైన్యం టొయోటా పికప్‌ల మీద మిలాన్ క్షిపణులు బిగించి గద్దాఫీ ట్యాంకులను తరిమేసింది. ఆ పోరు చివరి అంకానికి చరిత్రలో 'టొయోటా యుద్ధం' అనే పేరే నిలిచింది. అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్, తర్వాత సిరియాలో దాయెష్ అదే బండ్లెక్కి కెమెరాలకు కనిపించారు. అవి వాళ్ళకెలా చేరాయని 2015లో అమెరికా అధికారులు కంపెనీని అడగాల్సి వచ్చింది. టీవీలో టొయోటా, బందూకు, గడ్డం ఒకే ఫ్రేములో చూపించేటప్పుడు నాకు ఇంకో ఫ్రేము గుర్తొస్తుంది. అదే రేగిస్తాన్‌లో దవాయిలూ నీళ్ళూ మోసుకెళ్ళే ఐక్యరాజ్యసమితి తెల్ల లాండ్ క్రూజర్. బండికి మజహబ్ లేదు, చెడిపోకుండా ఉండటమే దాని గుణం. ఆ గుణం మంచివాడికీ చెడ్డవాడికీ సమానంగా పనికొస్తుంది.

మన దగ్గరికి అసలు టొయోటా ఆలస్యంగా వచ్చింది. 1980లలో డీసీఎం టొయోటా చిన్న ట్రక్కులు తిరిగాయి. కిర్లోస్కర్లతో కలిసి బెంగళూరు దగ్గర బిడదిలో కంపెనీ పెట్టింది 1997లో, మొదటి బండి క్వాలిస్ వచ్చింది 2000లో. అది ఇండోనేసియాలో పాతబడ్డ కిజాంగ్. మొహం పాతదే కదా అని పత్రికలు పెదవి విరిచాయి, డ్రైవర్లు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో కాల్ సెంటర్లు లేచిన ఆ రోజుల్లో అర్ధరాత్రి రోడ్ల మీద క్వాలిస్‌లే. 2005లో దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు. ఎమ్మెల్యే నుంచి పెళ్ళి బరాత్ దాకా ఇన్నోవా ఎక్కనివాళ్ళు లేరు. ఆ బిడదిలోనే 2014లో జీతాల గొడవ మీద, 2020లో యూనియన్ మనిషి సస్పెన్షన్ మీద లాకౌట్లు పడ్డాయి. పని ఒత్తిడి గురించి యూనియన్ అప్పుడు చేసిన శికాయత్ చదువుతుంటే కామాటా పుస్తకమే మళ్ళీ చదువుతున్నట్టుంది.

ఇక ధోకా సంగతి. 2008లో టొయోటా జనరల్ మోటార్స్‌ను దాటి దునియాలో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడు ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ యాక్సిలరేటర్ కింద మ్యాట్‌కు ఇరుక్కుని, బండి ఆగక నలుగురు చనిపోయారు. ఒక ఖాన్‌దాన్ మొత్తం. ఫోన్లో సాయం అడుగుతూనే పోయారు. ఆ తర్వాత మ్యాట్లు, అతుక్కుపోయే పెడళ్ళ కారణంగా లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. ఎలక్ట్రానిక్స్‌లో దోషం ఉందేమోనని నాసా ఇంజనీర్లు కూడా వెతికారు, అలాంటిది దొరకలేదు. అయితే కసూర్ అంతటితో మాఫీ కాలేదు. రెండు భద్రతా లోపాల గురించి ఖాతాదారులను తప్పుదోవ పట్టించామని ఒప్పుకుని, 2014లో కంపెనీ అమెరికా న్యాయశాఖకు 120 కోట్ల డాలర్లు కట్టింది. పోగు తెగిందని తెలిసీ మగ్గం నేస్తూనే పోయింది. సాకిచీ మునిమనవడు అకియో 2010 ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ ముందు కూర్చుని మాఫీ అడిగాడు. మేం ఎదగాల్సిన దానికంటే వేగంగా ఎదిగామన్నాడు. ప్రతి బండి మీదా తన పేరుందన్నాడు. ఒక అక్షరం తేడా ఉంది, అది వేరే సంగతి.

2024 జనవరి ఖబర్ నాకు అంతకంటే ఎక్కువ గుచ్చుకుంది. డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో, అమ్మే బండ్లలో వాడే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది పెట్టి, ఫలితాలు నున్నగా కనిపించేలా చేశారని తేలింది. మూడు రకాల ఇంజన్లు, పది మోడళ్ళు. చేసింది టొయోటా ఇండస్ట్రీస్. ఆ పేరు చాలామందికి కొత్త. 1926లో సాకిచీ ఆటోమేటిక్ మగ్గాల కోసం పెట్టిన కార్ఖానా అదే. ఆగడం నేర్పిన ఇల్లే. మన దగ్గర ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ పంపిణీ కొద్ది రోజులు ఆపారు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు.

మామూకు ఇప్పుడు డెబ్బై దాటాయి. అల్లుడు క్రిస్టా బుక్ చేశాడు, ఈ ఖబర్ విని ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ సంగతి నాకు తెలిసినంత వివరించాను. అంతా విని, "బ్రేకులు ఠీక్ హైనా?" అన్నాడు. బ్రేకులతో దీనికేం తాలుకు లేదన్నాను. కాసేపు ఖామోష్‌గా ఉండి, ఇంకా పాత స్టాకు దొరికే షోరూమ్ ఏదైనా ఉందేమో కనుక్కోమన్నాడు.