బోర్లాండ్ కూలిన కథ

1983 నవంబరులో అమెరికాలో ఒక పాస్కల్ కంపైలర్ అమ్మకానికొచ్చింది. ధర 49 డాలర్ల 95 సెంట్లు. కంపైలర్ కావాలంటే వందల డాలర్లు పోయాల్సిన రోజులవి. పోసినా సుఖం లేదు. ఎడిటర్ వేరు, కంపైలర్ వేరు, లింకర్ వేరు. ఒక్కోదాన్నీ ఫ్లాపీ నుంచి ఎక్కించుకుంటూ పోతే, ఒక సెమికోలన్ మరిచిన సంగతి తెలియడానికే నిమిషాలు పట్టేది. టర్బో పాస్కల్ అనే ఈ కొత్త సరుకులో అన్నీ ఒకే ఫైల్లో ఇమిడిపోయాయి. మూడో వెర్షన్ వచ్చేనాటికి కూడా ఆ ఫైలు 40 కిలోబైట్లు దాటలేదు. కంపైల్ చేయమన్న మరుక్షణం పని పూర్తయ్యేది. తప్పుంటే కర్సర్ తిన్నగా ఆ తప్పు దగ్గరికే వెళ్లి ఆగేది.

రాసినవాడు ఆండర్స్ హైల్స్‌బర్గ్, ఇరవై మూడేళ్లు నిండని డెన్మార్క్ కుర్రాడు. అమ్మినవాడు ఫిలిప్ కాన్, ఫ్రాన్స్‌లో లెక్కలు చదివి కాలిఫోర్నియా చేరిన మనిషి. కంపెనీ పేరు బోర్లాండ్, ఊరు స్కాట్స్ వ్యాలీ. ఆ డబ్బాలతో వచ్చిన లైసెన్సు కాగితం చెప్పేది ఒక్కటే: దీన్ని పుస్తకంలా వాడుకోండి. ఏ కంప్యూటర్లోనైనా పెట్టుకోండి, ఎవరి చేతికైనా ఇవ్వండి, ఒకే ప్రతిని ఒకే సమయంలో ఇద్దరు వాడకుండా ఉంటే చాలు. కొన్నవాణ్ణి దొంగగా అనుమానించని కాగితం అది. బోర్లాండ్‌ను తలచుకున్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆ కాగితమే.

ఆ తర్వాత పదేళ్లూ వాళ్లవే. 1987లో టర్బో సీ, 1990లో టర్బో సీ ప్లస్ ప్లస్. నీలి తెర, పసుపు అక్షరాలు, కంట్రోల్ ఎఫ్9 నొక్కితే ప్రోగ్రాం పరుగు. కోడు రాసే తెర మీదే, అర్థం కాని మాట మీద కర్సర్ పెట్టి అడగగానే వివరం తెరుచుకునే సహాయం. ప్యారడాక్స్ డేటాబేస్, క్వాట్రో స్ప్రెడ్‌షీట్ కూడా బోర్లాండ్ చేతిలో ఉండేవి. ఒక మామూలు ప్రోగ్రామర్ జీతంలో కొనుక్కోగల ధరకు ప్రపంచంలోకెల్లా వేగమైన పనిముట్లు అమ్మడం, అదే ఆ కంపెనీ పని. ఆ పనికి మించిన గొప్ప పని ఇంకేదో ఉందని వాళ్లు ఎప్పుడనుకున్నారో, పతనం అప్పుడే మొదలైంది.

1991లో బోర్లాండ్ దాదాపు 44 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి ఆష్టన్-టేట్‌ను కొంది. డీబేస్ అనే డేటాబేస్‌తో ఒకప్పుడు ఆఫీసులన్నిటినీ ఏలిన కంపెనీ అది. కానీ కొనేనాటికే డీబేస్ నాలుగో వెర్షన్ తప్పుల తడకని పేరు మోసి ఉంది. పైగా బోర్లాండ్‌కు సొంతంగా ప్యారడాక్స్ ఉండనే ఉంది. ఒకే పని చేసే రెండు సరుకులు, రెండు బృందాలు, రెండు భాషలు ఒకే కప్పు కిందికి చేరాయి. దేనికి భవిష్యత్తు ఉందో, దేని మీద తమ ప్రోగ్రాములు కట్టుకోవాలో వాడేవాళ్లకు చెప్పగలిగినవాళ్లే లేకపోయారు. విండోస్‌లో నడిచే డీబేస్ 1994 దాకా రాలేదు.

ఈలోగా 1992లో మైక్రోసాఫ్ట్, డీబేస్‌కు పోటీగా వేగంలో పేరు తెచ్చుకున్న ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ను కొనేసింది. అదే ఏడాది చివర యాక్సెస్ అనే డేటాబేస్‌ను 99 డాలర్ల ప్రారంభ ధరకు బజార్లోకి వదిలింది. తక్కువ ధరకు మంచి సరుకు ఇచ్చి పెద్దవాళ్లను పడగొట్టడం బోర్లాండ్ లోకానికి నేర్పిన విద్య. ఆ విద్యతోనే బోర్లాండ్‌ను కొట్టారు. ఆ రోజుల్లోనే స్కాట్స్ వ్యాలీలో కొత్త ప్రాంగణం లేచింది. అందులో కూర్చునే మనుషులు మాత్రం తగ్గిపోతున్నారు.

కోర్టు దెబ్బ వేరు. క్వాట్రోలో తమ స్ప్రెడ్‌షీట్ మెనూల వరుసను కాపీ కొట్టారని లోటస్ కంపెనీ 1990లో వేసిన దావా ఏళ్ల తరబడి నడిచింది. 1996 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలిపోవడంతో, కింది అప్పీలు కోర్టులో బోర్లాండ్ గెలిచిన తీర్పే నిలబడింది. మెనూలు ఎవరి సొత్తూ కావని తేల్చిన ఆ కేసు ఫలం ప్రోగ్రాములు రాసే అందరికీ దక్కింది, పోరాడినవాళ్లకు తప్ప. క్వాట్రోను 1994లోనే నోవెల్ కంపెనీకి అమ్మేశారు. 1995 జనవరిలో కాన్ ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదిలాడు.

ఆ చీకట్లోనే 1995 ఫిబ్రవరిలో డెల్ఫీ వచ్చింది. విండోస్ ప్రోగ్రాము రాయడం నరకంగా ఉన్న రోజుల్లో బటన్లను తెర మీద అమర్చి, వెనక పాస్కల్ రాసి, కళ్లు మూసి తెరిచేలోగా అసలైన మెషీన్ కోడ్ పుట్టించే పనిముట్టు. దాని ప్రధాన శిల్పి మళ్లీ హైల్స్‌బర్గే. ఒక కంపెనీకి రెండోసారి ఊపిరి పోసే సరుకు దొరకడం ఎంత అరుదో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. మరుసటి ఏడాది ఆయన మైక్రోసాఫ్ట్‌కు వెళ్లిపోయాడు. ముప్ఫై నెలల్లో తమ మనుషులు 34 మందిని లాక్కున్నారని 1997లో బోర్లాండ్ మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. పోయినవాళ్లు తిరిగి రాలేదు. హైల్స్‌బర్గ్ అక్కడ సీ షార్ప్‌కూ, తర్వాత టైప్‌స్క్రిప్ట్‌కూ రూపకర్త అయ్యాడు.

సరిగ్గా ఆ కాలంలోనే పాత టర్బో పాస్కల్ ప్రోగ్రాములు చావడం మొదలైంది. ఏళ్ల తరబడి ఏ లోపమూ లేకుండా నడిచిన ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లో తెరిస్తే, ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని చెప్పి మూసుకుపోయేది. 200 అంటే సున్నాతో భాగహారం. రాసినవాడు తన కోడంతా గాలించినా ఎక్కడా భాగహారమే కనబడదు. తప్పు అతనిది కాదు, సీఆర్‌టీ అనే లైబ్రరీది. ప్రోగ్రాం మొదలవగానే ఆ లైబ్రరీ కంప్యూటర్ వేగాన్ని కొలుస్తుంది. గడియారం ఒకసారి కొట్టుకునే 55 మిల్లీసెకన్లలో ఒక లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగిస్తుంది. ప్రాసెసర్లు దాదాపు 200 మెగాహెర్ట్జ్ దాటేసరికి ఆ ఫలితం 16 బిట్లలో పట్టలేదు. పట్టని ఫలితాన్ని కూడా ప్రాసెసర్ సున్నాతో భాగహారం కిందే జమకడుతుంది. వేగమే ప్రాణంగా పుట్టిన పనిముట్టు, యంత్రాల వేగం తట్టుకోలేక పోయింది. మందును వాడుకరులే తయారుచేసి ఒకరికొకరు పంచుకున్నారు.

1998లో కంపెనీ పేరునే మార్చి ఇన్‌ప్రైజ్ అన్నారు. చూపు పెద్ద సంస్థల వైపు, ఖరీదైన సర్వర్ సరుకుల వైపు మళ్లింది. ప్రోగ్రామర్లు గుండెల్లో పెట్టుకున్న ఒకే ఒక్క ఆస్తి ఆ పాత పేరు. మూడేళ్లకు దాన్నే తిరిగి తెచ్చుకున్నా, జనం అప్పటికే వేరే దారి పట్టారు. 2001లో లైనక్స్ కోసం కైలిక్స్ అనే పనిముట్టు తెచ్చారు. మూడు వెర్షన్లయ్యాక నడిరోడ్డు మీద వదిలేశారు. దాన్ని నమ్మి రాసుకున్న కోడు ఏం కావాలని అడిగితే జవాబు లేదు.

డెల్ఫీ వాడినవాళ్ల బాధ ఇంకొకటి. బయటి కంపెనీల దగ్గర కాంపోనెంట్లు కొంటే, చాలాసార్లు సోర్సు కోడు లేకుండా కంపైల్ చేసిన ఫైళ్లే చేతికొచ్చేవి. ఆ ఫైళ్లు ఏ డెల్ఫీ వెర్షన్లో పుట్టాయో ఆ వెర్షన్లోనే పనిచేస్తాయి. కొత్త వెర్షన్లోకి మారగానే, ఈ యూనిట్ వేరే వెర్షన్‌తో కంపైల్ అయిందన్న ఎర్రర్ తగులుతుంది. ఆ కాంపోనెంట్ చేసిన కంపెనీ మూతపడి ఉంటే దారి అక్కడితో సరి. ఒక చిన్న గ్రిడ్ కోసం మొత్తం ప్రాజెక్టు పాత వెర్షన్లోనే బందీ అయిపోయేది. సోర్సు ఇవ్వని లైబ్రరీ ఎంత బాగున్నా ముట్టుకోకూడదని ఆ తరం నేర్చుకున్నది ఇలా దెబ్బలు తినే.

2006లో బోర్లాండ్ తన కంపైలర్లనూ ఎడిటర్లనూ అమ్మకానికి పెట్టింది. అనుకున్న ధరకు కొనేవాళ్లు దొరకలేదు. వాటిని కోడ్‌గేర్ పేరుతో విడదీసి, 2008లో ఎంబార్కడెరో కంపెనీకి అప్పగించింది. ఏ పనితో పుట్టిందో ఆ పని లేకుండా మిగిలిన బోర్లాండ్‌ను 2009లో మైక్రో ఫోకస్ కలిపేసుకుంది. డెల్ఫీ ఇప్పటికీ బతికే ఉంది, కొత్త వెర్షన్లూ వస్తున్నాయి. బోర్లాండే లేదు.

మైక్రోసాఫ్ట్ చంపిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆష్టన్-టేట్ కొన్న నాడే, తమను నమ్మిన ప్రోగ్రామర్ వాళ్లకు చిన్నవాడైపోయాడు.

ఈ గాథలో మన భాగమూ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు ఆ నీలి తెర మీదే సీ నేర్చుకున్నారు. సీ ప్లస్ ప్లస్‌కు 1998లో ప్రమాణం వచ్చింది. టర్బో సీ ప్లస్ ప్లస్ 3 అంతకు ముందుది కాబట్టి అందులో నేమ్‌స్పేసులు లేవు, ప్రామాణిక లైబ్రరీ లేదు. ఇంట్ అంటే 32,767 దగ్గర ఆగిపోతుంది. 64 బిట్ విండోస్‌లో అది అసలు తెరుచుకోదు కనుక, పాత డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ తొడిగి మరీ నడిపించారు. ఇన్‌క్లూడ్ ఫైలు తెరవలేకపోయానని ఎర్రరొస్తే డైరెక్టరీల దారి సరిచేయడం, గ్రాఫిక్స్ మొదలవకపోతే బీజీఐ ఫోల్డర్ వెతకడం పాఠంలో భాగమైపోయాయి. ఉద్యోగానికి వెళ్లిన రోజున వాటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు. అసలు టర్బో సీ ప్లస్ ప్లస్ తొలి వెర్షన్‌ను చేసినవాళ్లే మ్యూజియం అని పేరు పెట్టిన చోట ఉచితంగా ఉంచారు.

ల్యాబు నడిపే మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. జీసీసీ అనే కంపైలర్ ఉచితం, సోర్సుతో సహా దొరుకుతుంది, ఏ కంపెనీ అమ్ముడుపోయినా అది ఆగదు. వచ్చే బ్యాచ్ మొదటి రోజున పిల్లల చేత దాన్ని తెరిపించండి. టర్బో సీ గురించి ఒక గంట కథగా చెప్పండి, హైల్స్‌బర్గ్ పేరు చెప్పండి, ఆ లైసెన్సు కాగితం సంగతి తప్పకుండా చెప్పండి.