దారము చూపిన దారి

బడిలోని గ్లోబుపై ఫిన్లండు రాజధాని హెల్సింకీని, జపాను రాజధాని టోక్యోను కలుపుచు ఒక దారమును బిగించి పట్టినచో అది ఉత్తర సైబీరియా మీదుగా పోవును. ఈ రెంటి నడుమ అతి దగ్గరి మార్గమిదియే; దీని పొడవు సుమారు 7,800 కిలోమీటర్లు. అయినను విమానములు చాలకాలము ఈ దారిని పోజాలకపోయినవి.

ప్రతి దేశమునకు తన నేలపై గల గగనమున సర్వాధికారము కలదని 1944 నాటి చికాగో ఒడంబడిక చెప్పుచున్నది. 1950 దశకమున సైబీరియా గగనము పరదేశ విమానములకు మూసియుండెను. ఐరోపా నుండి జపానుకు పోవువారు దక్షిణాసియా చుట్టి పోవలసివచ్చెడిది. 1957 ఫిబ్రవరి 24న స్కాండినేవియన్ విమాన సంస్థ కోపెన్‌హేగన్ నుండి ఉత్తర ధ్రువ ప్రాంతము మీదుగా, అలాస్కాలోని యాంకరేజిలో ఆగి, టోక్యో చేరు మార్గమును ప్రారంభించెను. సుమారు 50 గంటల ప్రయాణము 32 గంటలకు తగ్గెను. అయస్కాంత ధ్రువము దాపున దిక్సూచి నమ్మదగినది కాదు గనుక, దిశ తెలియుటకు గైరోస్కోపును వాడిరి.

1983లో ఫిన్నెయిర్ విమానము సోవియట్ గగనమును తప్పించుకొని, ధ్రువము మీదుగా హెల్సింకీ నుండి ఎచ్చటను ఆగక సుమారు 13 గంటలలో టోక్యో చేరెను. తరువాత సైబీరియా దారి తెరచుకొనగా ఆ ప్రయాణము తొమ్మిదిన్నర గంటలకు తగ్గెను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము మొదలై, రష్యా తన గగనమును ఐరోపా విమానములకు మూసివేసెను. మార్చిలో ఫిన్నెయిర్ మరల ధ్రువపు దారి పట్టెను. ప్రయాణ కాలము మరల సుమారు 13 గంటలాయెను.

ఈ నలువది ఏండ్లలో గ్లోబుపై దారము పొడవు మారలేదు. మారినది ఆ దారిని పోవు అనుమతియే.