చిట్టా, ఆవర్జా - నాకు అబ్బిన పాఠం



నా బ్యాంకు ఉద్యోగంలో మరపురాని తప్పు ఒకటుంది. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాక చిన్న వర్తకులకూ అప్పులిచ్చే రోజులు వచ్చాయి. కొన్నేళ్లకు నేను పనిచేస్తున్న శాఖకు ఒక బట్టల కొట్టు యజమాని రెండు పొడుగాటి పుస్తకాలు పట్టుకొచ్చారు. లాభనష్టాల పట్టీ, ఆస్తి అప్పుల పట్టీ లేవని దరఖాస్తు తిప్పి పంపాను.

ఆ పుస్తకాలు చదవడం తర్వాత ఆయన గుమాస్తాగారే నాకు నేర్పారు. చిట్టాలో ఏ రోజుకా రోజు జమ, ఖర్చు, నిల్వ. ఆవర్జాలో మనిషికొక ఖాతా. పెట్టెలో డబ్బు చిట్టా నిల్వతో సరిపోతే గానీ కొట్టు కట్టేవారు కాదట. క్రమంగా రాసిన ఇటువంటి పద్దులను 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షను పరిగణనలోకి తీసుకుంది. అయితే కేవలం వాటి ఆధారంగానే ఎవరినీ బాకీదారుగా తేల్చరాదని కూడా చెప్పింది.

మరి లోపమెక్కడ? 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచ్యోలి గణిత గ్రంథం వివరించిన జంటపద్దు విధానంలో పెట్టుబడి, అప్పు, లాభం విడివిడిగా తేలతాయి. ఈయన చిట్టాలో ఇంటి బియ్యం, కూతురి పెళ్లి, కొట్టు అద్దె ఒకే వరుసలో ఉన్నాయి. పైగా అరువులు పేరుకుపోయాయి. వంద రూపాయల సరుకు నూట ఇరవైకి అరువిచ్చి, అది వసూలు కాకపోతే చేతి సొమ్ము వంద పోయినట్లే. దాన్ని పూడ్చుకోవాలంటే అటువంటి బేరాలు మరో ఐదు కావాలి.

మరుసటి ఏడాది ఇంటి ఖర్చు వేరుచేసి, పాత బాకీలు విడదీసి రాసి తెచ్చారు. అప్పు మంజూరు చేశాం. కానీ నేను ముందే కూర్చోబెట్టి అడిగివుంటే, ఆయనకు ఒక దసరా బేరం దక్కి ఉండేది.

ఇప్పుడు లెక్కలు కంప్యూటరులో రాస్తున్నారు. 2017 జులై 1న వచ్చిన జి.ఎస్.టి.లో అరువుకు అమ్మిన సరుకు మీద కూడా, డబ్బు చేతికి రాకముందే పన్ను కట్టవలసి వస్తుంది. కనుక మన గ్రాట్యుటీ సొమ్ముతో పిల్లలు కొట్టు పెడతామంటే కాదనకండి. ఇంటి లెక్క, కొట్టు లెక్క వేరుగా రాయించండి. నెలకొకసారి బాకీల పట్టీ మీరే అడిగి చూడండి.