లక్కబొమ్మకు ప్రాణం అంకుడు
- పెద్ద చెట్ల నీడన పెరిగే చిన్న చెట్టు
- వేళ్లు మిగిలితే మోడు నుంచి మళ్లీ చిగురు

ఉప్పల్: టేకు, నల్లమద్ది వంటి పెద్ద వృక్షాల నీడన పెరిగే చిన్న చెట్టు అంకుడు. పెద్ద దూలాలకు చాలినంత మాను దీనికి ఉండదు. అయినా ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఆధారం ఈ చెట్టే. తెలుగు నేలపై పొడి ఆకురాల్చు అడవులు, రాతి గుట్టల పొదలు దీని నివాసం. ఉప్పల్ సమీపంలోని చెంగిచెర్ల, నారపల్లి రిజర్వు అడవుల వంటి చోట్లు తగ్గితే ఇలాంటి చిన్న చెట్లకే ముందుగా ముప్పు.

గుర్తించడం ఇలా...
ఆకు తుంచితే తెల్లని పాలు కారుతాయి. అందుకే దీనికి తెడ్లపాల, రెప్పాల అనే పేర్లూ ఉన్నాయి. వేసవిలో ఐదు రేకుల తెల్లని పూలు గుత్తులుగా పూసి పరిమళిస్తాయి. పువ్వు నడుమ సన్నని దారాల కుచ్చు ఉంటుంది. అడుగుకు పైగా పొడవుండే కాయలు జంటగా వేలాడతాయి. లేత కాయల కొనలు కలిసే ఉంటాయి. ఎండి పగిలాక నూగు గల గింజలు గాలికి ఎగిరిపోతాయి.

అతిసారానికి ఆయుర్వేదంలో వాడే కొడిశపాల వేరు. దాని పువ్వులో కుచ్చు ఉండదు, జంట కాయలు మొదటి నుంచీ విడివిడిగా ఉంటాయి. కొడిశపాల బెరడులో అంకుడు బెరడు కలిసే అవకాశం ఉన్నందున కొనేవారు జాగ్రత్త వహించాలి.

సామర్లకోట నుంచి శాస్త్ర లోకానికి...
1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీసే పద్ధతిని పరిశీలించారు. శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియాలోని రెండో మాటకు అర్థం కూడా రంగులద్దకానికి సంబంధించినదే. తమిళనాట సిద్ధ వైద్యులు దీని ఆకులను కొబ్బరినూనెలో నానబెట్టి సోరియాసిస్‌కు వాడతారు. వైద్యుల సలహా లేకుండా ఇలాంటివి వాడరాదు.

బొమ్మల కొయ్య
అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో కళాకారులు అంకుడు కొయ్యను ఆరబెట్టి, తిరుగుడు యంత్రంపై చెక్కుతారు. తిరిగే కొయ్యకు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి కరిగి రంగు అంటుకుంటుంది. తెల్లగా, మెత్తగా, నున్నగా ఉండే కొయ్య కనుకనే ఇది సాధ్యం. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలకూ ఇదే కొయ్య. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగులకు తిరిగి ప్రాణం పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది.

గుర్తింపు వచ్చినా కొయ్య లేనిదే బొమ్మ లేదు. కొమ్మ నరికితే మోడు నుంచి మళ్లీ చిగురించడం అంకుడు సుగుణం. వేళ్లతో పెకలించినా, చిగుళ్లను మంటలు కాల్చేసినా ఆ అవకాశం పోతుంది. కనుక కొమ్మలను వంతులవారీగా కోసుకోవడం, కోసిన చోట మంటలు, పశువులు చేరకుండా చూడడం అవసరం.

రోడ్ల వెంట కోనోకార్పస్ వంటి విదేశీ మొక్కలు నాటిన నగరంలో, స్వదేశీ చెట్టుగా అంకుడుకు చోటివ్వవచ్చు. తక్కువ స్థలం, తక్కువ నీరు దీనికి చాలు. కాయలు పగలక ముందే గింజలు సేకరించి వర్షాలకు ముందు నారు పోసుకుంటే పాఠశాలల ఆవరణల్లోనూ, కాలనీ పార్కుల్లోనూ పెంచుకోవచ్చు.