గేటుకి ఇవతలి ఫిల్మ్‌నగర్

ఫిల్మ్‌నగర్‌కి నేను మొదటిసారి వెళ్ళింది హీరోల ఇళ్ళు చూడ్డానికే. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. గుంటూరు జిల్లా నుంచి పరిశోధన కోసం హైదరాబాదు వచ్చిన కొత్త. హాస్టల్ స్నేహితురాళ్ళం నలుగురం ఆటో మాట్లాడుకుని జూబ్లీహిల్స్ గుట్టలన్నీ ఎక్కి దిగాం. చూసిందల్లా ఎత్తైన గోడలు, మూసిన గేట్లు. తిరిగొస్తూ కృష్ణానగర్‌లో టీ తాగడానికి ఆగాం. నేను చూడాల్సిన చోటు అదేనని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

అసలు సినిమా పరిశ్రమే ఇక్కడికి వలస వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. అమీర్‌పేట సారథి స్టూడియోలో తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' (1959) పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు సినిమా అంటారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. 1990ల నాటికి తరలింపు దాదాపు పూర్తయింది.

ఈ కథ ఎవరు చెప్పినా కర్తలంతా మగవాళ్ళే. స్టూడియోకి భార్య పేరు పెట్టారు గానీ, ఆ చరిత్రలో ఆవిడ మాట వినిపించదు. విజయనిర్మల యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా 1973లో 'మీనా' తీశారు. 44 సినిమాలకి దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. ఆవిడని కూడా మనం 'కృష్ణగారి భార్య'గానే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాం.

పేరున్నవాళ్ళ సంగతే ఇలా ఉంటే పేరులేనివాళ్ళ మాటేమిటి? కృష్ణానగర్‌లో తెల్లవారకముందే షూటింగ్ బండి కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, హెయిర్ డ్రెస్సర్లు ఉంటారు. అక్కడ ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న "ఏ ఊరమ్మా?" అనే. జూబ్లీహిల్స్‌లో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. "ఎవరు కావాలి?" అనే అడిగారు. ఒకటి సాటి వలసమనిషి ప్రశ్న, రెండోది సొంతదారు ప్రశ్న.

సినిమాల్లో ఆడవాళ్ళు జుట్టు దువ్వొచ్చు గానీ మేకప్ వెయ్యకూడదని సంఘాలు దశాబ్దాలపాటు కట్టడి చేశాయి. ముంబైలో చారు ఖురానా పోరాడితే 2014లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా నిరసన తెలిపింది. ఆవిడ ఏం అడుగుతోందో వినకుండా, ఏం తొడుక్కుందనే మాట్లాడుకున్నాం. 2019లో తెలంగాణ ప్రభుత్వం పరిశ్రమలోని లైంగిక వేధింపులపై కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, ఇక్కడి ఉపసంఘం నివేదికనీ ప్రచురించమని 'వాయిస్ ఆఫ్ వుమెన్' తరపున సమంత కోరాల్సి వచ్చింది. ఇచ్చిన నివేదికని చూపించమని మళ్ళీ అడుక్కోవాలి!

ఇప్పుడు ఊరి నుంచి ఎవరైనా వచ్చి ఫిల్మ్‌నగర్ చూపించమంటే ముందు కృష్ణానగర్ తీసుకెళ్తాను, అదీ తెల్లవారుజామునే. హీరోల ఇళ్ళు ఎప్పుడైనా చూడొచ్చు, గోడలు ఎక్కడికీ పోవు. ఆ కూడలిలో నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం బండి రాగానే వెళ్ళిపోతారు. సాయంత్రం అందరూ క్షేమంగా తిరిగొచ్చారా అని అడిగేవాళ్ళెవరూ ఉండరు. పరిశ్రమ చరిత్ర రాసేవాళ్ళం కనీసం మనమైనా అడగాలి కదా!